నిద్రపుచ్చిన అంకె

తలుపు వెనకాల టైపు కొడుతున్న చప్పుడు వినబడుతున్నంతసేపూ లోపల తన భర్త ఉన్నట్టు, ఆ చప్పుడు ఆగిందంటే తన వంతు వచ్చినట్టు. అందుకని అది ఆగకూడదనీ అనిపిస్తోంది, ఆగితే ఏదో ఒకటి తేలిపోతుంది కదా అనీ అనిపిస్తోంది ఆమెకి. వరండాలో గోడవారగా వేసిన బల్లకి ఒక చెక్క వదులై కదిలినప్పుడల్లా కిర్రుమంటోంది, అందుకని కదలకుండా కూర్చుంది. కదలకుండా కూర్చోవడం తనకి కొత్తేమీ కాదు, పెళ్ళికి ముందునుంచీ అదే ఉద్యోగం, గ్యాసు గొట్టాల కంట్రోలు రూములో కూర్చుని అంకెలు చూడటం, గొట్టంలో ఎక్కడ ఒత్తిడి ఎంతుంది, ఎక్కడ తగ్గుతోంది, ఎక్కడ పెరుగుతోంది. పొద్దుటి షిఫ్టు భర్తది, మధ్యాహ్నం షిఫ్టు తనది, అదే కుర్చీ, అదే తెర. పోయిన నెల ఒకనాటి సాయంత్రం ఆ గొట్టం ఒకచోట పేలింది. లైను వెంబడి నడిచి చూసుకొచ్చే మనిషి అక్కడే పోయాడు. ఇప్పుడు విచారణ సంఘం వాళ్ళు లోపల కూర్చుని తేల్చుకోవాలనుకుంటున్నవి రెండే రెండు సంగతులు. షిఫ్టు అప్పగించేటప్పుడు భర్త ఆమెకి ఏం చెప్పాడు? పోయేముందు ఆ మనిషి ఆమె సొంత ఫోనుకి చేసి ఏమన్నాడు? మొదటిదానికి జవాబు ఇద్దరి దగ్గరుంది, రెండోదానికి జవాబు లోకంలో ఒక్క ఆమె దగ్గరే ఉంది. నోరు విప్పితే ఉద్యోగం పోవచ్చు, అంతకంటే పెద్దవే పోవచ్చు. విప్పకపోతే గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు కూడా లేరు, ఎందుకంటే నెపమంతా చచ్చిపోయిన మనిషి మీదికి నెట్టేయడం అప్పటికే సగం అయిపోయింది.

ఎవరో నేల తుడిచి వెళ్ళినట్టున్నారు, ఫినాయిల్ వాసన. ముక్కు దానంతటదే ఎగపీల్చింది, ఏ కొత్త వాసన తగిలినా ఇంతే, ఇది అన్నయ్య చేసిన అలవాటు. అన్నయ్యంటే తోడబుట్టినవాడు కాదు, ఆ లైను నడిచే మనిషే. నత్తకి పెద్దన్నలా నడుస్తాడని ఎవరో కుర్రకారు ఆయనకి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు, అసలు పేరు జీతాలిచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గోడ మీద మీటర్ల ముళ్ళు చూస్తే గ్యాసు తెలియదు, పద నాతో, అని ఆమెని లైను వెంబడి తీసుకెళ్ళాడు, ఎండలో, మోకాళ్ళ దాకా గడ్డిలో, పసుపు రంగు గుర్తురాళ్ళు పలకరించుకుంటూ. పలకరించడమంటే నిజంగా పలకరించడమే, ఒక్కో రాయి నెత్తిన చెయ్యి వేసి ఏమోయ్ బాగున్నావా అనేవాడు, నవ్వితే, నవ్వుకో, ఎవరో వచ్చి తవ్వి పక్కన పారేస్తే దాని విలువ నీకే తెలుస్తుంది అనేవాడు. గ్యాసుకి సొంతంగా వాసనుండదనీ, ఆ కుళ్ళు కంపు మనుషులు కలిపినదేననీ చెప్పి, ఒకచోట మూత కొంచెం వదులు చేసి పీల్చమన్నాడు. గుప్పున కొట్టింది. కాసేపు నిలబెట్టి, ఇప్పుడెలా ఉందన్నాడు. ఇప్పుడేమీ లేదంది. "పోయింది వాసన కాదమ్మాయ్, నీ ముక్కు. అందుకే మొదటి పీల్పునే నమ్మాలి" అన్నాడు. ఆ రోజు ఎంత సంతోషంగా ఉండిందో, చెప్పులనిండా మట్టి, నెత్తి మాడిపోయే ఎండ, అయినా ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకుంటే తన మొహం తనకే నచ్చింది. అలాంటి రోజులు మళ్ళీ రావు, వచ్చినా ఆయన ఉండడు.

లోపల ఎవరో దగ్గారు. భర్త దగ్గు కాదు. అతని దగ్గు ఆమెకి ఎన్ని గోడల అవతలినుంచైనా తెలుస్తుంది, ఎందుకంటే మొదట పరిచయమైంది ఆ దగ్గే, అప్పట్లో కంట్రోలు రూములో తెరలు లేవు, గోడంతా దీపాలూ ముళ్ళూ గుండ్రటి గాజు బిళ్ళలూ, గదిలోకి అడుగుపెడితే బోర్డు వెనకాల వైర్లు సర్దుతూ ఎవరో దగ్గుతున్నారు. ఆ రోజుల్లో గదికి పెద్దాయన ఒకరుండేవారు, అప్పగింత కూర్చుని చేస్తే ఊరుకునేవారు కాదు, ఇద్దరూ నిలబడాలి, దిగేవాళ్ళు ఒక్కో ముల్లు మీద వేలు పెట్టి పైకి చెప్పాలి, ఎక్కేవాళ్ళు అదే మాట తిరిగి చెప్పాలి, ఆరో వాల్వు మూసి ఉంది అంటే ఆరో వాల్వు మూసి ఉంది అనాలి, చిన్నపిల్లల ఎక్కాల బళ్ళో లాగా. అందరూ విసుక్కునేవారు. ఆమెకీ అతనికీ మాత్రం ఆ ఎక్కాలంటే విసుగుండేది కాదు, వేలు ఒక ముల్లు నుంచి ఇంకో ముల్లుకి జరిగేలోగా ఒకరినొకరు చూసుకోవడానికి బోలెడంత తీరిక. ఒకనాడు అతను అదే గొంతుతో, వేలు గాజు మీదే ఉంచి, ఏడో గొట్టంలో ఒత్తిడి మామూలు, ఎనిమిదిలో మామూలు, నువ్వంటే నాకిష్టం అన్నాడు, ఆమె అలవాటు కొద్దీ మామూలు, మామూలు, నువ్వంటే నాకిష్టం అని అప్పజెప్పేసి, అప్పుడు గతుక్కుమంది. మూల కుర్చీలో పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తకుండా, అప్పగింత సరిగ్గానే జరిగింది, సంతకాలు పెట్టండి, అన్నారు. సంతకాలు పెట్టారు, ఆ ఏడే పెళ్ళి. ఇప్పుడు తలుచుకున్నా, ఈ బల్ల మీద, ఈ స్థితిలో, పెదవి చివర నవ్వొచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది.

పాప పుట్టాక ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి గనక చెరో షిఫ్టూ తీసుకున్నారు, అతను దిగితే ఆమె ఎక్కుతుంది, అతన్ని ఇంటికి తీసుకెళ్ళే బస్సే ఆమెని దింపుతుంది, ఆమె ఇల్లు చేరేసరికి అతను పాపని పక్కలో వేసుకుని నిద్రపోతుంటాడు, అతను లేచి వెళ్ళేసరికి ఆమెకి తెలివి రాదు. మీకు పిల్ల ఎలా పుట్టిందో మాకు అంతుబట్టడం లేదని గదిలో వాళ్ళు ఏడిపించేవారు, సెలవులెందుకున్నాయి అని ఆమె దీటుగా అనేది. నిజానికి వాళ్ళ కాపురమంతా ఆ అప్పగింతలోనే జరిగింది. పెద్దాయన రిటైరైపోయారు, గోడ పోయి తెరలొచ్చాయి, నిలబడటం పోయింది, తిరిగి చెప్పడం పోయింది, రిజిస్టర్లో అంతా మామూలే అని రాసేసి ఆ కాసేపూ వాళ్ళు పాప జ్వరం గురించీ, కారుతున్న కుళాయి గురించీ, పక్కింటావిడ అన్న మాట గురించీ మాట్లాడుకునేవారు, మధ్యలో గ్యాసు సంగతులు కూడా వచ్చేవి, రెండూ కలిసిపోయి వచ్చేవి. పొయ్యి మీద పాలు దించాను, మూడో స్టేషనులో మోటారు మార్చారు, నీ నీలం చొక్కా గుండీ కుట్టాను. ఏదీ ఎప్పుడూ తప్పిపోలేదు. తప్పిపోలేదు కాబట్టి తప్పిపోదనుకున్నారు. ఎంత బాగుండేదో ఆ కాసేపు! దాని కోసమే ఆమె బస్సు కంటే ముందు తయారై వీధిలో నిలబడేది.

బల్ల కిర్రుమంది. అవతలి కొసన ఒకావిడ వచ్చి కూర్చుంది, ఒళ్ళో సంచీ, సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, తాను తాగకుండా ముందు ఈమెకి అందించింది. అన్నయ్య భార్య. వదినా అని పిలిచి ఎన్నాళ్ళయింది, దహనం రోజున దూరంగా నిలబడి చూసి వచ్చేసింది. ఈమె ఒక గుక్క తాగి తిరిగిచ్చేసింది. వదిన కాసేపు కిటికీలోంచి కింద ఆగి ఉన్న బళ్ళకేసి చూసి, కుశలమడిగినంత మామూలుగా అడిగింది.

"ఆఖరుసారి నీతోనే కదమ్మా మాట్లాడింది. ఏమన్నాడు?"

"మామూలుగానే మాట్లాడాడు వదినా."

మామూలు, ఎంత హాయైన మాట, రిజిస్టర్లో రాసి రాసి నోటికి ఎంత బాగా పట్టుబడిపోయింది! వదిన తల ఊపింది. ఆయన జేబులో లైటర్ దొరికిందనీ, సిగరెట్టు వెలిగించుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఆఫీసులో అందరూ అంటున్నారనీ, తనతో మాత్రం మానేశానని చెప్పాడనీ, ఏదో పక్కింటి గోడు వెళ్ళబోసినట్టు మెల్లగా చెప్పుకొచ్చింది. "నా మీద ఒట్టేశాడు. మనిషెలాగూ రాడు. ఇన్నేళ్ళూ నాతో అబద్ధమాడాడా అన్నదొక్కటీ తెలిస్తే చాలు" అంది.

అబద్ధం కాదు వదినా, మానేశాడు, అది పాప పుట్టకముందు మాట. ఆ లైటర్ బూట్ల కోసం. కంపెనీ ఇచ్చే బూట్లు ఆ నడకకి ఎన్నాళ్ళో ఆగేవి కావు, అడుగు ఊడిపోతే నైలాను దారంతో తానే కుట్టుకునేవాడు, కుట్టాక దారం కొసలు కరిగించాలి గనక లైటరు. కంట్రోలు రూము మెట్ల మీద కూర్చుని, నాలుక పంటికింద పెట్టుకుని కుట్టుకుంటుంటే ఆమె ఎన్నిసార్లు చూసింది, లైనుకి వెళ్ళేటప్పుడు అది గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళాలి కదన్నయ్యా అంటే, గేటు వాడు కూడా నా దగ్గరే కుట్టించుకుంటాడమ్మాయ్ అని నవ్వేవాడు. ఇంట్లో చెబితే కొత్తవి కొనమని గొడవ చేస్తుందని వదినకి చెప్పి ఉండడు. అంత సంగతి ఆమె నాలుక చివరన ఉంది, చెబితే ఆవిడ గుండె బరువు ఇప్పుడే, ఈ బల్ల మీదే దిగిపోతుంది, కానీ ఆ మాట బయటికొస్తే దాని వెనకాలే ఇంకో మాట రావాలి, మరెలా పోయాడు అని ఆవిడ అడుగుతుంది. అక్కడ గ్యాసు అంతగా పేరుకుపోయాక నిప్పురవ్వ లైటరే కానక్కర్లేదు, రాయికి తగిలిన బూటు మేకు చాలు, అసలు అడగాల్సింది రవ్వ ఎక్కడిదని కాదు, అంత గ్యాసు పోతుంటే ఎవరూ ఎందుకు ఆపలేదని, దగ్గరికి వెళ్ళకూడదని ఎవరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఎందుకు వెళ్ళాడని. చీకటి పడేముందు ఫోన్ చేశాడు, ఆఫీసు నంబరుకైతే నొక్కాల్సిన బొత్తాలన్నీ నొక్కాలని ఎప్పుడూ ఆమె ఫోనుకే చేస్తాడు. "అమ్మాయ్, ఇక్కడ గుప్పుమంటోంది. నీ తెర మీద ఏమన్నా తెలుస్తోందా?" ఆమె తెర చూసింది. తెర చూసి ఒక మాట చెప్పింది. ఆ మాట దాకా వచ్చేసరికి మనసు ప్రతిసారీ గిరుక్కున వెనక్కి తిరిగిపోతోంది, వదిన పక్కన కూర్చుని ఉండగా అసలు అటు పోనంటోంది.

ఆ చోట అంకె కదలలేదు, అదీ సంగతి. గొట్టంలో ఒత్తిడి చూపే అంకె ఏదైనా నిలకడగా ఉండదు, చివరి సంఖ్య అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది. మరమ్మతు వాళ్ళు దాని మీటరు విప్పేటప్పుడు మాత్రం ఊరికే అలారాలు మోగకుండా ఆ అంకెని ఉన్నచోటే ఆపేస్తారు, దాన్ని గదిలో నిద్రపుచ్చడం అంటారు. పని అవగానే లేపాలి. లేపేదాకా గొట్టంలో ఏం జరుగుతున్నా తెర మీద అదే అంకె. ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగేముందు భర్త దాన్ని నిద్రపుచ్చాడు. మరమ్మతు వాళ్ళు బిగింపు సరిగ్గా బిగించకుండానే, అంకెని లేపడం కంట్రోలు రూముకి తెలుసు కదా అనుకుని వెళ్ళిపోయారు. అది నిద్రపోతోందని ఆమెకి తెలియదు. సాయంత్రమంతా తెరనిండా అంకెలు గెంతుతుంటే అదొక్కటే బుద్ధిగా కూర్చుందని చూసి ముచ్చటపడింది కూడా. కుదురుగా ఉన్నదాన్ని చూసి అనుమానపడాలని ఆమెకి తట్టలేదు, ఏ తల్లికి తడుతుంది?

అప్పటినుంచీ ఇద్దర్నీ ఇంట్లోనే ఉండమన్నారు. ఎన్నేళ్ళు కోరుకుంది, పొద్దున లేచేసరికి అతను పక్కనుండాలనీ, ఇద్దరూ ఒకేసారి కంచాల ముందు కూర్చోవాలనీ! కూర్చున్నారు. ఉప్పు అందించుకున్నారు. మాట మాత్రం రాలేదు. ఒకరి మీద ఒకరికి కోపమా అంటే కాదు, ఎవరు ముందు అడిగితే రెండోవాళ్ళు దోషి అయిపోతారో అని భయం. పాప కొత్తగా నేర్చుకున్న సైకిలు గోడకి ఆనించి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఒక్కసారి మాత్రం అతను కిటికీ దగ్గర నిలబడి, వీపు ఇటు పెట్టి, "దాని వెనక పరిగెడుతున్నాను. ఆకాశం ఎర్రబడింది. నాకు వెంటనే తెలిసిపోయింది" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

సైకిలు. అవును, ఆ రోజు ఆమె బస్సు దిగుతూనే మోసుకొచ్చిన వార్త అదే. పొద్దున సందులో పాప ఎవరూ పట్టుకోకుండా, తనకి తానే, మలుపు దాకా తొక్కుకుంటూ వెళ్ళిపోయింది, ఆమె ఒక్కతే చూసింది, అతను చూడలేదే అని అప్పటినుంచీ మనసు పీకుతోంది. గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది, పాప మొహం ఎలా బిగించిందో, నాలుక ఎలా బయటపెట్టిందో చేసి చూపించింది. అతను పడీ పడీ నవ్వి ఇంకోసారి చెప్పమన్నాడు, ఇంకోసారి చేసి చూపించింది. నవ్వుతూనే ఏదో చెబుతున్నాడు, తెరకేసి చెయ్యి చూపించాడు, చూపించాడా? చూపించాడు. బయట బస్సు హారను. "ఆగు, ఇంకొకటుంది" అన్నాడు. ఆమె భుజాలు పట్టుకుని తలుపు వైపు తిప్పింది, వీపు మీద రెండు చేతులూ పెట్టి తోసింది. "పో పో, బస్సు తప్పితే చీకటి పడిపోతుంది, చూడలేవు, రేపు చెబుదువుగాని." అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ వెతుకుతుంటే దొరకనిది ఇంత తేలిగ్గా, ఇలా బల్ల మీద కూర్చుని ఉండగా వచ్చేసింది. ఇది కూడా అర్థమైంది, మొదలుపెట్టిన మాటని మనసు చెప్పేసినట్టే లెక్కేసుకుంటుంది, బస్సులో కూర్చున్నాక అతనికి చెప్పేశాననే అనిపించి ఉంటుంది. అతని వీపు మీద పెట్టిన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, వాటికేసి చూసుకుంది.

టైపు చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుని అతను వచ్చాడు, పక్కన బంట్రోతు, ఇద్దర్నీ మాట్లాడుకోనివ్వకూడదని పైవాళ్ళ ఆజ్ఞ. వదినని చూసి అతను ఆగి తల దించుకున్నాడు. ఆమె ముందునుంచి నడుస్తూ, ఎవరితోనూ కానట్టు, "చెప్పడం మర్చిపోయానని చెప్పేశాను" అన్నాడు. బంట్రోతు మాటలొద్దండీ అని మెల్లగా గదమాయించాడు. అంటే మొత్తం తన నెత్తినేసుకున్నాడు. పాపకి అమ్మ ఉండాలి, ఇంట్లో ఒక జీతం ఉండాలి, అతని లెక్క అంతే అయి ఉంటుంది. ఆమెకి అతని చెంప పగలగొట్టాలనిపించింది, ఆ వెంటనే పట్టుకుని ఏడవాలనిపించింది. ఏదీ చెయ్యకుండా లేచి లోపలికెళ్ళింది.

గదిలో బల్ల వెనకాల ముగ్గురు, మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. ఆవిడ మంచిగానే మాట్లాడింది. మీ భర్త పొరపాటు ఒప్పుకున్నారు, మీరు అదే ధ్రువపరిస్తే ఆ ముచ్చట ముగుస్తుంది, ఇక ఫోను సంగతి, మీరు ముందు రాసిచ్చినట్టు మామూలు పలకరింపేనా, అని అడిగింది. అవునంటే చాలు. పక్కనున్నాయన అప్పుడే కలానికి మూత పెట్టేశాడు.

"వరండాలో ఆయన భార్య ఉంది. ఆవిడని కూడా లోపలికి పిలవండి" అంది ఆమె.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వదిన సంచీ గుండెకి హత్తుకుని వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆమె చెప్పడం మొదలుపెట్టింది, లైటరు బూట్ల దారం కోసమని, ఆయన వదినతో ఏనాడూ అబద్ధమాడలేదని, తర్వాత పాప సైకిలు, నవ్వు, బస్సు హారను. టైపు కొట్టేవాడు చేతులు ఎత్తి, ఇవన్నీ కూడా కొట్టమంటారా మేడమ్ అని అడిగాడు. కొట్టమంది పెద్దావిడ.

"ఆయన మర్చిపోయే మనిషి కాదండీ. చెప్పబోయాడు. నేనే తోసేశాను."

ఆమె తలుపు వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ మనసు వెనక్కి తిరిగిపోయిన చోటికి ఇప్పుడు తానే నడిచి వెళ్ళింది.

"వాసన ఎక్కువగా ఉందని ఫోన్ చేశాడు వదినా. తెర చూసి, ఏమీ లేదన్నాను. నీ ముక్కు ముసలిదైపోయిందన్నయ్యా అని నవ్వాను. దగ్గరికెళ్ళి చూడమన్నాను." వదిన సంచీకేసి చూస్తూ మళ్ళీ చెప్పింది. "నువ్వే అంటున్నావు కదమ్మాయ్, అని వెళ్ళాడు."